తొమ్మిది చీటీలు

ముప్పై ఒకటో పంజరం అడుగున తడిసిన రంపపు పొట్టు గీకి బకెట్లో పోసి, కొత్తది పరిచి, ఎలకను లోపలికి వదలబోతూ దాని చెవులు వెలుతురుకు పెట్టి చూశాడు ఎలకల బాబాయి. గులాబీ రంగే. ఇరవయ్యారేళ్ల అలవాటది. పరిశోధనశాలలో పెద్ద చదువులవాళ్లు గాజు పలకల మీద చూసి చెప్పే జబ్బును ఆయన చెవి చూసి చెప్పేస్తాడని పేరు. ఆ పేరు వల్ల ఒరిగిందేమీ లేదనుకోండి, అది వేరే సంగతి.

చేతులు పనిచేస్తున్నాయి గానీ మనసు పక్క భవనంలో ఉంది. అక్కడి వార్డులో ఆరు రోజులుగా ఆయన అక్క ఒంటి మీద తెలివి లేకుండా పడి ఉంది. తల్లి పోయాక ఆయన్ను చంకనేసుకుని పెంచిన అక్క. కీళ్లనొప్పుల కొత్త బిళ్లను మనుషులకిచ్చి చూస్తున్నారని తెలిసి, "మా మందే అక్కా, నా చేతుల మీదుగా వచ్చింది" అని గొప్పలు పోయి, ఆవిడ పేరు రాయించింది బాబాయే.

ఆ బిళ్ల ముందు తిన్నవి ఆయన ఎలకలే. అరవైలో తొమ్మిది చచ్చాయి. పంజరాలకు తగిలించే చీటీల మీద ఆయన ఉన్నదున్నట్టు రాశాడు: 'చెవులు పచ్చబడి చచ్చింది'. అవి చూసేసరికి ఆ బిళ్ల పరిశోధన నడిపే మేడమ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. చెడ్డ మనిషేం కాదు, జ్వరమొస్తే ఇంటికి మందులు పంపిన పిల్ల.

"ఇవి పైకెళ్తే మూడేళ్ల పని నీళ్లపాలే బాబాయ్. ఎలకలు కొట్టుకుని కూడా చస్తాయి కదా! వేరే చీటీలు రాసిపెట్టండి, ఇవి పారేయండి" అంది.

రాశాడు. 'తోటివి కరిచి చచ్చింది'. కింద సంతకం. కరిస్తే పొట్టు మీద నెత్తురుంటుందని ఆయనకు తెలియదా? తెలుసు. చదువుకున్నవాళ్లు చెప్పారుగా అని సరిపెట్టుకున్నాడు. కాకపోతే దేన్నీ పారేసే రకం కాదు గనక పాత చీటీలు బిస్కెట్ల డబ్బాలో దాచాడు. ఆ బిళ్ల మీద మేడమ్ రాసిన వ్యాసం అచ్చయింది. అందులో ఆ తొమ్మిదీ లేవు.

ఈ మందుతో ఇంతకుముందు ఎక్కడైనా ఇలా అయిందా అని వార్డు డాక్టరు రోజూ అడుగుతూనే ఉన్నాడు. వ్యాసంలో లేదంటున్నారు అందరూ. బాబాయి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. సంతకం తనది మరి.

పదకొండింటికి మేడమ్ వచ్చింది. మధ్యాహ్నం నుంచి ఇంకో నలభైమందికి బిళ్లలు మొదలుపెడతారట. "అక్కగారికి వేరే జబ్బేదో ఉండుంటుంది" అంది పంజరాల వైపు చూస్తూ.

"ఆవిడ చెవులు చూశారా అమ్మా?"

ఆమె వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. "పాత చీటీలు పారేశారు కదూ?" అంది.

"లేదమ్మా."

"బాబాయ్! సంతకం మీది కూడా."

"అవును. అందుకే నేనే వెళ్తున్నా."

డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. వార్డు డాక్టరు బల్ల మీద తొమ్మిది చీటీలూ వరసగా పరిచాడు. డాక్టరు ఒక్కొక్కటే చదివి తలెత్తాడు.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారండీ?"

"భయపడుతున్నానండీ."

డాక్టరు ఫోను తీసి, ఇవాళ ఎవరికీ బిళ్ల ఇవ్వొద్దని రెండుసార్లు చెప్పాడు.

హమ్మయ్య అనుకుంటూ బాబాయి అక్క మంచం దగ్గరికి వెళ్లేసరికి దుప్పటి ముఖం మీదికి లాగి ఉంది. పది నిమిషాలైందంది నర్సు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఆయన దుప్పటి కాస్త తొలగించి, అలవాటు కొద్దీ చెవులు చూశాడు. చూసి, గట్టిగా ఏడ్చాడు.

నర్సు ఆమె కళ్లజోడూ, ఒక చిన్న పుస్తకమూ తెచ్చిచ్చింది. బిళ్ల తిన్నవాళ్లు ఒంట్లో ఎలా ఉందో ఏరోజుకారోజు రాయాల్సిన పుస్తకమది. "బిళ్లలకొచ్చినప్పుడు తిండి సయించట్లేదని నాతో అనేవారండీ. అదే రాయండమ్మా అంటే, 'మా తమ్ముడి మందు, చెడ్డపేరు తేలేను' అని నవ్వేసేవారు" అంది.

ఆయన పుస్తకం తెరిచాడు. ముప్పై ఎనిమిది గళ్లు. అన్నింట్లోనూ అక్క చేతిరాతలో ఒకటే మాట, 'బాగుంది'. చివరి మూడింట్లో అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి.