గుమ్మం ముందు ఎనిమిదో జత

దేవకి కీబోర్డు మీది బొగ్గుమసిని పసుపు గుడ్డతో తుడుస్తోంది. గోదావరిఖనిలో పొద్దున తుడిచింది మధ్యాహ్నానికి నల్లబడుతుంది. అందుకే తుడవడం ఆమె ఉద్యోగంలో సగం, పాఠం చెప్పడం మిగతా సగం. నలభై దాటిన మనిషి. సన్నగా, కొద్దిగా వంగిన భుజాలతో ఉంటుంది. ఇదే గదిలో ఏళ్ళ తరబడి టైపు నేర్పింది. వేళ్ళ కొసలు ఇంకా మొద్దుబారే ఉన్నాయి. తొంభై రెండులో ఇన్‌స్టిట్యూట్ యజమాని ఉపేందర్‌రావు టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెడితే, తనూ కరీంనగర్ వెళ్ళి ఆ విద్య నేర్చుకొచ్చింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆడపిల్లల గంట మొదలవుతోంది.

ఆ గంట ఊరికే రాలేదు. మొదటి బ్యాచిలో చేరిన అమ్మాయిలంతా నెల తిరక్కుండానే మానేశారు. ఒక్కో కంప్యూటరుకు నలుగురు. కీబోర్డు మగపిల్లల చేతుల్లో ఉండేది, ఆడపిల్లలు వెనక నిలబడి వాళ్ళ వీపులు చూసేవారు. చెప్పే మాస్టారు ఉదాహరణకు మోటారు పంపునో క్రికెట్ స్కోరునో పట్టుకునేవాడు.

"ఆడోళ్ళకు ఇది ఎక్కదు దేవకమ్మా," అని తేల్చేశాడు ఉపేందర్‌రావు.

"ముట్టనియ్యకపోతే ఎట్లెక్కుతది సార్?"

ఆయనకు ఆమె ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. ఆయన షరతు పెట్టాడు: రోజుకు ఒక గంట ఆడపిల్లలకే, ఎనిమిది మందికి తగ్గిన రోజున అదీ పోతుంది. ఆడపిల్లలున్న గదిలోకి తొంగిచూడటం మర్యాద కాదని ఆయన లోపలికి రాడు. మెట్లు సగం ఎక్కి, గుమ్మం ముందు విడిచిన చెప్పుల జతలు లెక్కపెట్టుకుని దిగిపోతాడు.

దేవకి పాఠం ముగ్గుతో మొదలుపెట్టింది. మొదటి వరసకు ఇన్ని చుక్కలు, తర్వాత ఒక్కో వరసకూ ఒక్కో చుక్క తగ్గించమని మిషనుకు చెప్పమంది. వాకిట్లో ఏళ్ళుగా చేస్తున్న పనే. నల్లటి తెర మీద పచ్చటి చుక్కలు బారులు తీరిన రోజు గని కార్మికుడు ఎల్లేశం బిడ్డ స్వరూప కేక పెట్టింది.

"మేడం, మా అవ్వ కన్న మంచిగ ఏస్తుంది!"

"మీ అవ్వ బువ్వ గూడ వండుతది. దీన్ని వండుమను," అంది పక్కపిల్ల. గదంతా నవ్వులు.

ఇవాళా ఎనిమిది జతలే. మధ్యలో నీలం పట్టీలవి స్వరూపవి.

పాఠం సగంలో ఉండగా దేవకి వేలు మీట మీద ఆగింది. కింద సైకిలు ఆగిన చప్పుడు. బెల్లు మోగలేదు. గుమ్మంలోకి కొమురెల్లి వచ్చాడు, ఎల్లేశం పక్క క్వార్టరు మనిషి. తలకు చుట్టిన తువ్వాల విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"స్వరూపా, జర ఇంటికి రా బిడ్డ. మీ బాపు పిలుస్తుండు."

"బాపు మొదటి షిఫ్టుల ఉన్నడు గద చిన్నాయినా?"

కొమురెల్లి నేల చూశాడు. "నువ్వు రా, పోదం."

బొగ్గుగనుల ఊళ్ళో చావును చావని చెప్పరు. గనిలోకి దిగినవాడు ఇంటికి పిలుస్తున్నాడంటే ఏమిటో పసిపిల్లకు కూడా తెలుసు. పదహారేళ్ళప్పుడు దేవకినీ ఇట్లాగే పిలిచారు. వెళ్ళేసరికి బాపు ముఖం మీద దుప్పటి ఉంది. ఆ తర్వాత ఆమె బతుకంతా ఈ గదే.

స్వరూప లేచింది. ఏడవలేదు. విడిచిన చెప్పుల మీంచి దాటి వట్టికాళ్ళతో మెట్లు దిగింది.

తరగతి ముగించి, నీలం పట్టీల జతను సంచీలో వేసుకుని దేవకి బయల్దేరింది. దారి పొడుగునా చెవులు రిక్కించింది. సైరను లేదు. ఆస్పత్రి బండి లేదు. చౌరస్తాలో మిరపకాయ బజ్జీలు వేగుతూనే ఉన్నాయి. క్వార్టర్ల వరసలో ఏడుపు వినిపించలేదు. ఆమె అడుగుల వేగం పెంచింది.

ఎల్లేశం మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్లంగీ, చేతిలో చాయ్ సాసరు.

"రా దేవకమ్మా, కూసో. చాయ్ తాగు."

"నువ్వు... డ్యూటీకి పోలేదా?"

"నాగ వెట్టిన, ఇయ్యాల పనికి పోలె." దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. "దమ్ము సాలుతలేదమ్మ. గని పనికి అన్‌ఫిట్టు అయితున్న. నా నౌకరి ఇంట్లోళ్ళకే ఇస్తరు. కొడుకులు లేకపాయె, అల్లునికే పెట్టియ్యాలె. పిలగానిది సుల్తానాబాద్ దిక్కు. ఎల్లుండి కొండగట్టు మీద లగ్గం."

"అట్లనా పిలిపిచ్చేది? పోరి పాణం పోయినట్టు ఉరికింది!"

"అట్లయితెనే వస్తది. లగ్గమని పిలిస్తే ఆ కంప్యూటర్ డబ్బను ఇడిశి వస్తదా?" ఎల్లేశం నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. సాసరులో చాయ్ వణికి అంగీ మీద ఒలికింది.

వెనక గదిలో ఆడవాళ్ళ మధ్య స్వరూప కూర్చుని ఉంది. కాళ్ళకు పసుపు రాసేశారు. పసుపు కింద మడమలకు బొగ్గుమసి అలాగే ఉంది. దేవకి చెప్పులు తీసి గడప పక్కన పెట్టబోయింది.

"ఈడ ఇడువకుండ్రి మేడం," స్వరూప తల ఎత్తకుండానే అంది. "ఆడ క్లాసు కాడనే ఉండనియ్యిండ్రి. సార్ లెక్క వెడ్తడు."

దేవకి చెప్పులు మళ్ళీ సంచీలో పెట్టుకుంది.

మర్నాడు ఉపేందర్‌రావు మెట్లు సగం ఎక్కి ఆగాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుని దిగిపోయాడు. ఎనిమిది జతలు. ఆడపిల్లల గంట పోకుండా నిలబడింది. లోపల పాఠం సాగుతున్నంతసేపూ, కింద సైకిలు ఆగినప్పుడల్లా ఏడు తలలు గుమ్మం వైపు తిరిగాయి. పాఠమయ్యాక ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. దేవకి తలుపుకు తాళం వేసింది. గుమ్మం ముందు నీలం పట్టీల జత మిగిలింది. బొటనవేళ్ళు నొక్కిన గుంటల్లో బొగ్గుపొడి అప్పుడే సన్నగా చేరుతోంది.