దీపం మీద బొట్టు

నేనొక వైఫై పెట్టెను. భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ ఆఫీసు పైకప్పుకి బోర్లించిన పళ్లెంలా అతుక్కుని ఉంటాను. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో సముద్రం దాటి వచ్చాను. దారిలో ఒక్క వింతా చూడలేకపోయాను. ఆ లోటు తీర్చుకోవాలనేమో, మనుషుల సంగతులు ఆరా తీయడమంటే నాకు మహా ఇష్టం.

నేనేమిటో మాత్రం ఇక్కడ చాలామందికి తెలియదు. అటెండరు తాతబ్బాయి నన్ను కెమెరా అనుకుని, నా కిందికి రాగానే క్రాఫు సవరించుకుంటాడు. ఆయన్ని చూస్తే నాకు నవ్వొస్తుంది, ముచ్చటా వేస్తుంది.

నా మంచీ చెడ్డా చూసేది దైవకృప. నెట్‌వర్కు పనికి మూడు నెలల పరీక్ష మీద చేరిన అమ్మాయి. ఆ గడువు దసరా సెలవులు అయిన మర్నాటితో తీరుతుంది. మేనేజరు భూపతిరాజు గారు కాగితం మీద సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

ఆయుధపూజ నాడు తాతబ్బాయి కంప్యూటర్లకీ, కాటాకీ, జనరేటరుకీ పసుపు రాసి బొట్లు పెట్టాడు. నన్ను వదులుతాడా? నిచ్చెన వేసుకుని వచ్చి తడి కుంకుమ అద్దాడు, సరిగ్గా నా చిన్న దీపం మీద. బాగుంటే తెల్లగా, చెడితే ఎర్రగా వెలగడం ఆ దీపం పని. సెలవులయ్యాక రాజుగారు తలెత్తి చూసేసరికి ఎర్రగా ఉన్నాను.

“ఏమ్మా, ఇది చెడిపోయినట్టుందే?”

“నెట్ బాగానే వస్తందండి.”

“ఎర్రలైటు కళ్లకి కనపడతంటే బాగుందంటావేంటి? అది పోయాకే నీ కాగితం సంగతి.”

దైవకృప నిచ్చెన ఎక్కింది. జానెడు దూరం నుంచి బొట్టు చూసింది. వేలెత్తింది. హమ్మయ్య అనుకున్నాను. అంతలో వేలు వెనక్కి తీసుకుని దిగిపోయింది.

“తాతబ్బాయి గారు రావాలండి” అంది.

“నెట్‌వర్కు పని నీదా, అతనిదా?”

ఆమె వెళ్లి గోడ పక్కన నిలబడింది. నాకు మతిపోయింది. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యికి తిరగడమంటే ఇదే కదా. ఒక్క తుడుపుకి తేలిపోయే దానికి ఉద్యోగం పోగొట్టుకుంటుందా ఈ పిల్ల? టీలకి వెళ్లిన తాతబ్బాయి అరగంటకి గాని రాలేదు. ఆ అరగంటా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

తాతబ్బాయి వచ్చి, చూసి, నాలిక కరుచుకున్నాడు. “నేనెట్టిందేనండి. నుదురనుకున్నాను, కన్నని తెలీలేదు” అంటూ నిచ్చెనెక్కి తువ్వాలుతో తుడిచి, పక్కన ఇంకో బొట్టు పెట్టాడు. నా దీపం తెల్లబడింది.

రాజుగారు ఆమె వైపు తిరిగారు. “ఎక్కావు, చూశావు. తుడవడానికేం?”

“పూజ బొట్టండి. మేం చర్చికెళ్లేవాళ్లం. నేను తుడిస్తే మీరంతా ఏవనుకుంటారోనని.”

“ఏవీ అనుకోమమ్మా” అన్నాడు తాతబ్బాయి మెల్లగా. రాజుగారు కాగితం తెప్పించుకుని నిలబడే సంతకం పెట్టారు.

ఈ మూడు నెలలూ ఆ అమ్మాయి రోజూ వాళ్లమ్మకి ఫోన్లో రాసిన ప్రతి మాటా నా గుండానే పోయింది. ఆఫీసు బాగుందనీ, అందరూ మంచివాళ్లనీ రాసేది. ఈ భయం మాత్రం ఒక్కసారీ రాయలేదు.