ఎవరి నొప్పి వాళ్ళదే

మణికుమార్ రోజూ పొద్దున ఆరున్నరకి గుడివాడ స్టేషన్లో పాసింజరెక్కి, రామవరప్పాడులో దిగి, షేరాటోలో ఆటోనగర్ చేరతాడు. పదహారేళ్ళుగా ఇదే వరస. ఎక్కేటప్పుడు అతనికి తనదంటూ ఏ నొప్పీ ఉండదు. దిగేటప్పుడు మాత్రం ఎవరిదో ఒకరిది ఉంటుంది. సోమవారం ఎవరిదో మోకాలు, మంగళవారం ఎవరిదో పన్ను, బుధవారం ఏ గుమాస్తా మెడో. గురువారానికి అతని ఓపిక అయిపోతుంది.

జనరల్ పెట్టెలో అంతే మరి. వందమంది పట్టే చోట మూడువందల మంది ఒళ్ళూ ఒళ్ళూ రాసుకుంటూ గంటన్నర ఊగితే నొప్పులు మారకుండా ఎలా ఉంటాయి? చెమట అంటుకున్నట్టే నొప్పీ అంటుకుంటుంది. ఇచ్చినవాడికి హాయిగా పోతుంది, పుచ్చుకున్నవాడికి దిగబడుతుంది. పరాయి ఒంట్లో దానికి ఊట ఉండదు కాబట్టి రెండు మూడు రోజులుండి పోతుంది. అసలువాడి ఒంట్లో మాత్రం బావిలో నీళ్ళలా మళ్ళీ మెల్లగా ఊరుతుంది. ఊరేలోపు మళ్ళీ రైలెక్కితే మళ్ళీ ఇంకొకరికి.

డైలీ పాసింజర్లకి దీనికో వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. "కుడిచెవి పోటు, నాలుగో పెట్టె, ఉప్పలూరు దాటాక తగిలింది, ఎవరిదో చెప్పగలరు" అని ఒకరు పెడతారు. "నాదేనండి, సారీ, సాయంత్రం రెండో తలుపు దగ్గర నిలబడతాను, తిరిగిచ్చేయండి" అని ఇంకొకరు. మధురానగర్లో దిగే టీచరమ్మకి నెలలు నిండాక అందరూ ఆవిడ చుట్టూ మూరెడు జాగా వదిలారు. అంత కిక్కిరిసిన పెట్టెలో మూరెడంటే మాటలు కాదు.

ఈ ఏర్పాటు మీద ఎవరికీ పెద్దగా ఫిర్యాదు లేదు, మణికుమార్‌కి తప్ప.

"నా నుంచి ఎవరికీ ఏమీ పోదు. అందరివీ వచ్చి నా నెత్తినే పడతాయి. ఇదెక్కడి న్యాయం?" అని ఇంటికొచ్చి చిందులు తొక్కేవాడు.

"అవును, మీరు ఉక్కుతో చేసిన మనిషి కదా," అనేది అతని భార్య ఉష, కూర కలియబెడుతూ.

నిజానికి ఆ మాట ఆమె వెక్కిరింపుగా అన్నా అతను మెప్పుగానే తీసుకునేవాడు. నలభై ఆరేళ్ళొచ్చినా తలనొప్పంటే తెలీదు. గ్రూపులో ఎవరు ఏ నొప్పి గురించి అడిగినా చదవకుండానే "నాది కాదు" అని కొట్టేవాడు.

అతని కోపానికి కారణం లేకపోలేదు. ఆటోనగర్లో కాశీరావు గారి షెడ్డులో అతను ఇంజన్లకి డీజిలు అందించే పంపులు బాగుచేస్తాడు. పంపులో ప్లంజరని వేలెడంత ఉక్కు కడ్డీ ఉంటుంది. దాన్ని దాని గొట్టంలో సగానికి లాగి వదిలితే, తన బరువుకి తనే మెల్లగా జారాలి. ఎక్కడైనా వెంట్రుకవాసి గీత ఉంటే ఆ జారడంలో చిన్న తటపటాయింపు ఉంటుంది. అది కంటికి కనపడదు, మిషనుకీ అందదు. వేలికొసకి తెలియాలంతే. మణికుమార్ వేళ్ళకి తెలిసేది. అందుకే పామర్రు నుంచి అవనిగడ్డ దాకా వరికోత మిషన్ల వాళ్ళు పంపు విప్పగానే అతని పేరే తలుచుకునేవారు.

ఇంకొకరి తిమ్మిరి చేతిలో పెట్టుకుని ఆ పని ఎలా చేస్తాడు? ఆ కోతల సీజన్లో మూడు పంపులు రిటర్నొచ్చాయి. మూడోది వచ్చిన రోజు కాశీరావు గారు అరవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"మణీ, తుఫాను కబుర్లు చెబుతున్నారు. చేలల్లో పంట పడిపోతే మనల్ని తంతారు. ఇంకొక్కటి రిటర్నొచ్చిందంటే నిన్ను కౌంటర్లో కూర్చోబెడతాను. బోల్టులు అమ్ముకుందువుగాని."

"పొద్దున రైల్లో ఎవరిదో చెయ్యి తగిలిందండి."

"నాకు తెలుసయ్యా. మిషను ఓనరుకి అది చెబితే వింటాడా?"

ఆ సాయంత్రమే మణికుమార్ స్టేషన్లో ఫస్టుక్లాసు నెలపాసు తీసుకున్నాడు. ఆ పాసింజరుకి ఇంజను వెనకాల ఒకే ఒక్క ఫస్టుక్లాసు పెట్టె ఉంది. పాసు మామూలు దానికి నాలుగింతలు. సంగతి విని ఉష గరిటె కింద పెట్టింది.

"ఫ్రిజ్జు పోయి నెలైంది. పొద్దున తోడుపెట్టిన పెరుగు సాయంత్రానికి పులిసిపోతోంది. మీరేమో కలెక్టరు గారిలా ఫస్టుక్లాసులో ఊరేగుతారా?"

"నా వేళ్ళు పోతే ఫ్రిజ్జు కాదు, పెరుగే ఉండదు," అన్నాడు. ఆమె మూతి ముడుచుకుని మళ్ళీ గరిటె అందుకుంది.

మొదటిరోజు ఆ పెట్టెలో కూర్చోగానే అతనికి ఒళ్ళు మండిపోయింది. నాలుగింతలు కట్టినందుకు ఏముంది ఇక్కడ? అదే దుమ్ము, అదే ఇనప కమ్మీల కిటికీ, అదే గంటన్నర. ఇందుపల్లి దగ్గర క్రాసింగుకి ఆపితే అందరితోపాటే ఆగడం. టీసీ అతని గ్రీజు మరకల చొక్కా చూసి పాసు రెండుసార్లు అడిగాడు. ఉన్నదల్లా జాగా. మనిషికీ మనిషికీ మధ్య బారెడు జాగా. పేపర్ల వెనకాల నలుగురైదుగురు, ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా.

కానీ రామవరప్పాడులో దిగి వేళ్ళు విదిల్చి చూసుకుంటే తేలిగ్గా ఉన్నాయి. ఆ వారం నాలుగు పంపులు బాగుచేసి కట్టాడు. నాలుగూ చేలల్లో గుక్కతిప్పుకోకుండా నడిచాయి. కాశీరావు గారు మెచ్చుకోలేదు గానీ టీ తెప్పించాడు. దండగ కాదు, అనుకున్నాడు మణికుమార్. ఉషతో కూడా అన్నాడు, రెండుసార్లు.

ఎనిమిదోరోజున ఎడంచెయ్యి లాగడం మొదలుపెట్టింది. ముందు భుజం, తర్వాత మోచెయ్యి. తొమ్మిదోరోజుకి దవడ పట్టేసి, గుండెల మీద బరువు. అతనికి చిర్రెత్తుకొచ్చింది. ఇక్కడ కూడానా? ఎదురుగా కూర్చున్న స్టీఫెన్ గారి మీద అనుమానం వచ్చింది. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో సూపర్నెంటు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఎప్పుడూ వీపు వెనకాల చిన్న దిండు పెట్టుకుంటాడు.

"సార్, ఏమనుకోకండి. మీకు ఎడంచెయ్యి లాగుతుందా?"

"లేదండీ. నాది నడుం. ఇరవై రెండేళ్ళుగా నడుమే."

"మరి ఈ దిక్కుమాలిన నొప్పి నాకెక్కణ్ణుంచి వచ్చిందండీ? ఇవి తప్పించుకోడానికేగా నాలుగింతలు కట్టి ఇక్కడికొచ్చాను."

స్టీఫెన్ గారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇక్కడ ఏదీ మారదండీ. మనకి తగిలేవాళ్ళెవరున్నారు? ఈ పెట్టెలో ఎవరి నొప్పి వాళ్ళదే. మనం కట్టేది అందుకే కదా."

మణికుమార్ ఆ మాట నమ్మలేదు. నాకెందుకుంటుంది నొప్పి? ఆదివారం తిన్న వేటమాంసం మీదకి తోశాడు. షేరాటోలో పక్కవాడి మీదకి తోశాడు. పదోరోజు మధ్యాహ్నం ప్లంజరు పట్టుకుంటే ఎడంచేతి చిటికినవేలూ ఉంగరంవేలూ మొద్దుబారిపోయి, అది జారి సిమెంటు గచ్చు మీద పడింది. పడ్డ ప్లంజరు ఇంక పనికిరాదు. కాశీరావు గారు చూశాడు.

"రేపు మొవ్వ నుంచొచ్చిన మిషను పంపు నువ్వే కట్టు. ఓనరు కూడా వస్తాడు," అని మాత్రం అన్నాడు. అదే ఆఖరి పంపని ఇద్దరికీ తెలుసు.

పదకొండోరోజు పొద్దున గుడివాడ ప్లాట్‌ఫారం మీద అతను ఫస్టుక్లాసు వైపు నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. చెయ్యి మొద్దుబారే ఉంది. గుండెల మీద బరువు అలాగే ఉంది. ఎవరిదైతేనేం? జనరల్ పెట్టెలో పావుగంట నలిగితే పోతుంది. బదులుగా ఏ మోకాలో వస్తుంది. మోకాలితో పంపు కట్టొచ్చు. గిరుక్కున వెనక్కి తిరిగి మూడో పెట్టె దగ్గరికి నడిచాడు, పదహారేళ్ళు తను నిలబడ్డ తలుపు దగ్గరికే.

తలుపులో కొండలమ్మ ఉంది. కైకలూరులో చేపలతట్ట వేసుకుని ఎక్కి, విజయవాడలో దిగి భవానీపురం వీధుల్లో అమ్మే మనిషి. ఎప్పుడూ మణికుమార్ పక్కనే నిలబడేది. ఉష శనివారానికి జెల్లచేపలు తెమ్మని చెప్పేది కూడా ఆమెకే. అతన్ని చూడగానే తట్ట కాలితో వెనక్కి నెట్టి జాగా చేసింది.

"ఏం తమ్ముడూ, పెద్దోళ్ళ పెట్టెలో కుదర్లేదా? రా, ఎక్కు."

అతను కమ్మీ పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టాడు.

"బాగున్నావా అక్కా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక.

"అబ్బో, ఎంత బాగున్నానో. రెండేళ్ళనించీ ఎడంచెయ్యీ దవడా పీక్కుతింటన్నాయని చెప్పానా? ఈ వారం రోజులనించీ చేత్తో తీసేసినట్టు పోయింది. ఏ దేవుడు కళ్ళు తెరిచాడో. రాత్రి పడుకుంటే తెల్లారిందాకా మెలకువే లేదు."

మణికుమార్ కాలు మెట్టు మీదే ఉండిపోయింది. ఆమె చెప్పడం నిజమే. ఒకసారి కాదు, పదిసార్లు చెప్పింది. "ఎడంచెయ్యి ఎవరిదర్రా, మీకు పుణ్యముంటుంది" అని తలుపు దగ్గరున్న అందరినీ అడిగింది. అతన్నీ అడిగింది. నాకేం లేదక్కా అని, కిటికీ వైపు తిరిగి, ఫోను చూసుకున్నాడు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రెండేళ్ళు ఆ నొప్పి మోస్తూనే ఆమె నెత్తిన తట్ట మోసింది. ఇప్పుడు మళ్ళీ ఇవ్వడానికి ఎక్కుతున్నాడు.

"ఎక్కవేం? బండి కదుల్తంది," అంది కొండలమ్మ, చెయ్యందిస్తూ.

"వద్దక్కా. ముట్టుకోకు," అని అతను కాలు దించేశాడు. గార్డు విజిల్ వేస్తుంటే పరిగెత్తలేక, గుండె పట్టుకుని నడుస్తూ, ఫస్టుక్లాసులో ఎక్కి కూలబడ్డాడు. స్టీఫెన్ గారు తన దిండు తీసి అతని వీపు వెనక పెట్టాడు.

రామవరప్పాడులో బండి ఆగింది. మణికుమార్ దిగలేదు. కదిలాక కాశీరావు గారికి ఫోను చేశాడు.

"ఎక్కడున్నావయ్యా? ఓనరొచ్చి కూర్చున్నాడు."

"విజయవాడ వెళ్తున్నానండి, ఆసుపత్రికి. గుండెలో నొప్పి."

"ఎవరిది?"

"నాదేనండి."

పదహారేళ్ళలో అతని నోట ఆ మాట కాశీరావు గారు వినలేదు. "సరే, వెళ్ళు. పంపు నేను కడతాను," అన్నాడు. ఆయన పంపు కట్టి పదేళ్ళయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఈసీజీ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. పెద్దగా తేడా ఏం లేదంది.

"ఎన్నాళ్ళుగా ఉంది?"

"నాలుగు రోజులండి."

"నడిస్తే ఎక్కువవుతుందా? కూర్చుంటే తగ్గుతుందా? అంతకుముందు ఎలా ఉండేది?"

అతనికి తెలిస్తేగా చెప్పడానికి? ఆమె గ్యాసుకి బిళ్ళలు రాయబోయింది. వారం చూసి రండి అంది.

"మేడం, అంతకుముందు ఇది నా దగ్గర లేదండి. కొండలమ్మని మా రైల్లో వచ్చే ఆవిడ దగ్గరుండేది. రెండేళ్ళు."

డాక్టరమ్మ కలం ఆపింది. "ఆ సంగతి ముందు చెప్పాలి కదండీ. ఆవిణ్ణి పిలిపించండి."

గ్రూపులో కబురు పెడితే ముప్పావుగంటలో కొండలమ్మ ఆటోలో వచ్చింది. సెక్యూరిటీ తట్ట బయట పెట్టమంటే దానిమీద తడిగుడ్డ కప్పి, పిల్లులొస్తే చూడమని అతనికే అప్పజెప్పి లోపలికొచ్చింది. డాక్టరమ్మ మణికుమార్ని మంచం మీద పడుకోబెట్టి, కొండలమ్మని కుర్చీలో కూర్చోబెట్టి అడిగింది.

"సోమారాలు ఎక్కువండి," అని మొదలుపెట్టింది కొండలమ్మ. "ముందు భుజం, తర్వాత మోచెయ్యి, తర్వాత దవడ. తట్టతో నాలుగు మెట్లెక్కితే గుండెల మీద రోకలి పెట్టినట్టుంటది. కూర్చుంటే తగ్గేది. నా గుండెకి పరీచ్చ చేయించానండి, నిక్షేపంలా ఉందన్నారు. మరి నొప్పెక్కడిదో ఎవళ్ళూ చెప్పలేదు. గ్యాసు బిళ్ళలిచ్చారు."

"ఈమధ్య కూడా కూర్చుంటే తగ్గేదా?"

"లేదండి. మొన్న వినాయక చవితి కాడినించీ కూర్చున్నా తగ్గడం మానేసింది. ఒకోసారి నిద్దట్లో లేపేసేది. చెమటలు పట్టేసేవి."

డాక్టరమ్మ రాస్తున్నదల్లా తలెత్తింది. బెల్లు కొట్టి నర్సుని పిలిచింది. ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళాలి, వారం కాదు, ఇవాళ రాత్రి దాకా ఆగినా చెప్పలేం అంది. ఉషకి ఫోను చేయమంది. కేసు షీటు మీద 'నొప్పి ఎన్నాళ్ళు' అన్నచోట నాలుగు రోజులు కొట్టేసి రెండేళ్ళని రాసింది.

మణికుమార్ కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. తన గుండె సంగతి పూసగుచ్చినట్టు ఇంకొకరు చెబుతుంటే వినడం అతనికి చిత్రంగా లేదు, భరించరానిదిగా ఉంది. ఫస్టుక్లాసు పాసు తీసుకోకపోతే నొప్పి తనదని తెలిసేది కాదు. పదహారేళ్ళు జనరల్లో రాకపోతే ఇప్పుడు దాని కథ చెప్పేవాళ్ళుండరు. పాసు దండగో కాదో ఎంతకీ తేలలేదు.

స్ట్రెచరు తోసుకొచ్చారు. అతను కొండలమ్మ చెయ్యి పట్టుకోబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"నన్నడిగావు కదక్కా. నాది కాదన్నాను. నిజంగా తెలీదు."

"నీకెలా తెలుస్తాది తమ్ముడూ," అంది కొండలమ్మ. "నీకది నొప్పెట్టిందెప్పుడని?"

ఆ మాటలో కోపం లేదు. ఆమె తనే అతని ఎడంచెయ్యి అందుకుని, ఆపరేషను గది తలుపు దాకా పట్టుకునే నడిచింది.