అంతయ్య లారీ కదలని రోజు

ఎయిడ్స్ గురించి మా లారీ డ్రైవర్లకు తెలిసినంత నాకే తెలియదేమో. తెలియక చస్తారా? తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే చాలు, చైతన్యపురి కోచింగ్ సెంటర్లో ఎంసెట్‌కు రుద్దినట్టు జవాబులన్నీ మేమే బట్టీ పట్టిస్తాం. ఎల్బీనగర్ లారీల అడ్డాలో మా సంస్థ నడిపే చిన్న క్లినిక్‌లో నేను కౌన్సెలర్ని. పేరు కృష్ణకుమారి.

మా ఫస్టు ర్యాంకరు అంతయ్య. కండోమ్‌ను గేరు రాడ్డుకు తొడిగి మరీ మిగతావాళ్లకు పాఠం చెబుతాడు. రక్తపరీక్షకని సూది చూపిస్తే మాత్రం "లోడు ఆలస్యమైతది చెల్లే" అని ఉడాయిస్తాడు. ఈ సంగతి అతని భార్య సైదమ్మకు తెలిసింది. పరీక్ష చేయించుకునేదాకా గడప తొక్కొద్దంది. బోనాల నుంచి పెద్దమనిషి పడక లారీలోనే. ఆమె పట్టుదల చూస్తే నాకు ముచ్చట, ఇతన్ని చూస్తే జాలి.

సకల జనుల సమ్మెలో ఓ రోజు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే విస్తళ్లు. లారీలన్నీ ఆగిపోయాయి, వరసలో అన్నిటికన్నా ముందున్నది అంతయ్యది. సరిగ్గా ఆ రోజే, మా కార్యక్రమం ఏపాటిదో తేల్చడానికి నిధులిచ్చేవాళ్లు పంపిన రామమోహనరావు గారు దిగారు. ఇంతమంది డ్రైవర్లు కదలకుండా ఒక్కచోట దొరకడం ఆయనకదే మొదలట. ప్రశ్న అడగడమే ఆలస్యం, బగారన్నం నములుతూనే అందరూ జవాబులు అప్పజెప్పారు.

"అద్భుతమండీ!" అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. "అంతయ్యన్నా, ఇయ్యాల లోడు సాకు లేదు. రా, రక్తమియ్యి," అన్నాను.

అంతయ్య తల గోక్కున్నాడు. "సార్ ఇస్తే నేనిస్త."

డ్రైవర్లు గొల్లుమన్నారు. రావు గారి మొహం పాలిపోయింది. "నాకెందుకండీ? నేనేమన్నా లారీ డ్రైవర్నా?"

నవ్వులు ఆగిపోయాయి.

"అంటే గది మాకే ఒస్తదా సార్? జవాబు తప్పు చెప్తున్నరు," అన్నాడు అంతయ్య.

ఆయనకిక లేవక తప్పలేదు. ఇద్దరి రక్తం తీయించి క్లినిక్ బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. సార్ మా ఎయిడ్స్ కరపత్రాన్ని మళ్లీ మళ్లీ చదవడం. అంతయ్య ఎల్లమ్మకు మొక్కడం. అతని గుండె ఆగేలా ఉందని ముందు అతనిదే పరీక్షకు పెట్టించాను.

లోపలికి పిలిచి, "ఏం లేదన్నా. ఇంటికి పో," అన్నాను. ఆ మనిషి భోరున ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

అప్పటికే వంటావార్పు ముగిసి దారి తెరుచుకుంది. అంతయ్య లారీ ఒక్కటే అడ్డం. వెనక హారన్లు, బూతులు. అతను బయటికి వెళ్లి, తాళంచెవి జేబులో వేసుకుని, మళ్లీ సార్ పక్కనే కూలబడ్డాడు.

"ఇంకేందన్నా? ఎనకోళ్లు నీ ఏడు తరాలను తిడుతున్నరు. లారీ తియ్యి!" అని అరిచాను.

"తిట్టనీ చెల్లే. సార్‌ది గూడ రానీ. ఒక్కడే ఎట్ల కూసుంటడు?"