అమ్మ ఉద్యోగం

మా ఆయన ఫోన్ చేస్తే హలో అనడు. 'ఎక్కడ' అంటాడు. కాఫీ ఫిల్టర్లు ఎక్కడ, పెద్ద కత్తెర ఎక్కడ, చలికాలం దుప్పటి ఎక్కడ. ఆగస్టులో ఆ ఉదయం కూడా అలాగే మోగింది ఫోను. అప్పటికి నా పెదాల మధ్య ఆరు పిన్నీసులున్నాయి. నా ముందు ఒక పిల్ల, వీపు మీద జిప్పు తెగిన గులాబీరంగు గౌనుతో ఏడుపు మొహం పెట్టుకుని నిలబడి ఉంది. బయట పచ్చిక మీద వందమంది కొత్త పిల్లలు, మా తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎండలో చూస్తున్నారు.

"ఆర్లిన్, నా బూడిదరంగు మేజోళ్ళు ఎక్కడ?"

పిన్నీసులు చేతిలోకి తీసుకుని, "నీ కాళ్ళకున్నాయేమో చూసుకో" అన్నాను.

అవతల కుర్చీ కిర్రుమంది. "ఒకటుంది" అన్నాడు వెర్నన్.

కాన్సస్‌లో ఒక యూనివర్సిటీ ఊళ్ళో సొరోరిటీ ఇంటికి, అంటే చదువుకునే ఆడపిల్లలు సంఘంగా కలిసి ఉండే ఇంటికి, నేను హౌస్ మదర్‌ని, పెద్దదిక్కుని. తలుపు మీద మూడు గ్రీకు అక్షరాలు, లోపల అరవై నాలుగు మంది ఆడపిల్లలు, ఒక వంటమనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి కారే పైపులు. పిల్లలు నన్ను మామ్ ఆర్లిన్ అంటారు, ఆర్లిన్ అమ్మ అన్నట్టు. అప్పటికి చేరి పన్నెండు రోజులు. వయసు యాభై తొమ్మిది. దరఖాస్తు పెట్టుకుని తెచ్చుకున్న ఉద్యోగం నా బతుకులో ఇదే మొదటిది.

అంటే అంతకుముందు పని చెయ్యలేదని కాదు. వెర్నన్ పళ్ళ డాక్టరు. ఇక్కడికి మూడు గంటల దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో ఆయన క్లినిక్. ఇరవై ఆరేళ్ళు అక్కడ ముందు బల్ల దగ్గర కూర్చున్నది నేనే. ఎవరి పన్ను ఎప్పుడు పీకాలో, ఏ పిల్లాడు సూది చూస్తే కరుస్తాడో, ఏ ముసలాయన కట్టుడు పళ్ళు చర్చిలో మర్చిపోతాడో అన్నీ నా తలలోనే ఉండేవి. ఎవరైనా అడిగితే వెర్నన్, "ఆర్లిన్ నాకు సాయం చేస్తుంటుంది" అనేవాడు. మా అత్తగారు ఇంకో మెట్టు ఎక్కి, "పాపం, మా కోడలికి ఇంట్లో తోచదు. కాలక్షేపానికి వెళ్తుంది" అనేది. కాలక్షేపానికి పొద్దున్న ఏడింటికి బయల్దేరి వెళ్ళి, వచ్చాక అత్తగారితో కలిపి ముగ్గురికి వండి, మర్నాటికి క్లినిక్ తువ్వాళ్ళు ఉతికి ఆరేసేదాన్ని.

క్లినిక్ అమ్మేసినప్పుడు ఆయనకి విందు చేశారు. ఆయన పేరు చెక్కిన ఇత్తడి పలక ఇచ్చారు. కేకు నేనే చేశాను. కొనుక్కున్న కుర్ర డాక్టరు నా కుర్చీలో ఇద్దర్ని పెట్టుకున్నాడు, ఇద్దరికీ జీతం. ఆ సంగతి వెర్నన్ భోజనాల దగ్గర చెప్పి విరగబడి నవ్వాడు. "చూశావా, ఈ కాలం వాళ్ళకి పని చేతకాదు!" నాకు నవ్వు రాలేదు. నవ్వు రాకపోగా, ఆ రాత్రంతా ఒళ్ళు మండిపోయింది.

నెల తిరక్కుండా పేపర్లో ఈ ప్రకటన చూశాను. ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దావిడలు, ఒకప్పుడు ఇదే ఇంట్లో ఉండి చదువుకున్నవాళ్ళు, అనుభవం ఏమిటని అడిగారు. "ఏమీ లేదండీ, మా ఆయనకి సాయం చేసేదాన్ని" అన్నాను. నా నోటి వెంట కూడా ఆ మాటే వచ్చింది, చూడండి. వాళ్ళలో పెద్దావిడ కళ్ళజోడు తీసి, "ఎన్నేళ్ళు?" అంది. చెప్పాను. "పెళ్ళాం కాకపోయి ఉంటే ఆ పనికి ఏ పేరు పెట్టేవాడు?" అంది. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే కాగితం మీద ఏదో రాసేసుకుంది.

"ఒక్క ఏడాది వెళ్ళనా?" అని వెర్నన్‌ని అడిగాను. అవును, అడిగాను. ముప్ఫై మూడేళ్ళ అలవాటు. "వెళ్ళు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కల్లా విసిగి వచ్చేస్తావుగా" అన్నాడాయన. ఆ తర్వాత, "ఊళ్ళో వాళ్ళ పిల్లల వెనకాల సర్దడం కూడా ఒక ఉద్యోగమేనా!" అన్నాడు. మే నెల చివర తిరిగొచ్చేలా ఒప్పందం.

ఆగస్టులో కొత్త పిల్లల్ని ఒక్కో సొరోరిటీలోకి ఎంచుకునే వారాన్ని ఇక్కడ రష్ అంటారు. తలుపు తెరవగానే మా పిల్లలు గుమ్మం నిండా తల మీద తలగా పేర్చినట్టు నిలబడి, చప్పట్లు కొడుతూ, కాళ్ళు దబదబలాడిస్తూ పాడతారు. పైకప్పు సున్నం రాలి నిమ్మరసంలో పడుతుంది. వారం చివర, ఏ ఇంటికి ఎవరు ఎంపికయ్యారో తెలిపే కవర్లు ఒకేసారి ఇస్తారు. కొత్త పిల్లలందరూ ఒకేసారి చింపి, కేకలు వేసుకుంటూ తమ ఇంటికి పరుగు తీస్తారు.

ఆ పరుగులో జొయెల్లా అనే పిల్ల తప్పు ఇంటికి వెళ్ళిపోయింది. పక్కన పరిగెత్తే స్నేహితురాలి చెయ్యి వదలకుండా వీధి అవతలి ఇంట్లో దూరింది. వాళ్ళు నలభై మంది కౌగిలించుకుని, తమ అక్షరాలున్న టీషర్టు తొడిగి, ఫోటోలు కూడా తీసేశారు. అప్పుడు తన కవరు మళ్ళీ చూసుకుంటే అందులో మా ఇంటి పేరుంది. మా పెరటి తలుపు దగ్గరికి, ఒంటి మీద పరాయి అక్షరాలతో, వెక్కుతూ వచ్చింది.

"మామ్... ఇక్కడి మామ్ మీరేనా? నేను ఇరవై నిమిషాలు వాళ్ళింట్లో ఉన్నానండీ. ఇంక నన్ను రానివ్వరా?"

"ఇరవై నిమిషాలేగా, తల్లీ. తప్పు ఇంట్లో ఇరవై ఏళ్ళున్నవాళ్ళున్నారు" అన్నాను. అనేశాక నాకే ఉలికిపాటు కలిగింది. ఆ పిల్లకి ఆపిల్ పై పెట్టి, మా టీషర్టు తొడిగి, ముందు గదిలోకి తోశాను. అక్కడ అరుపులకి కిటికీలు అదిరాయి.

అక్టోబరులో హోమ్‌కమింగ్ ఊరేగింపు, పాత విద్యార్థులు తిరిగొచ్చే పండగకి. కోళ్ళగూటికి వాడే ఇనపవలని, బండి మీద ఊరేగించే బొమ్మ ఆకారంలో వంచి, దాని ఒక్కో కంతలో ఒక్కో రంగు కాగితం ముక్క వేలితో దూర్చాలి. లక్ష కంతలు. మూడు వారాలు రోజూ ఇదే పని. మాతో జతకట్టిన ఫ్రటర్నిటీ, అంటే మగపిల్లల సంఘం, అబ్బాయిలు కూడా వచ్చి సగం పని చెయ్యాలని లెక్క. వచ్చారు. సోఫాల్లో కూర్చుని పిజ్జా తిన్నారు. మా పిల్లల బొటనవేళ్ళు పొంగి, ఒకళ్ళిద్దరు కట్లు కట్టుకున్నారు.

"అబ్బాయిలెవరూ దూర్చరేమే?" అని మా ఇంటి పిల్లల సంఘానికి ప్రెసిడెంటు టెస్సాని అడిగాను.

"వాళ్ళ వేళ్ళు లావు కదండీ, మామ్ ఆర్లిన్. కంతలో పట్టవు" అంది టెస్సా. న్యాయశాస్త్రం చదవబోయే పిల్ల, ఎంత అమాయకంగా అందో!

నాకు మా ఇంట్లో వెర్నన్ అనే మాట వినపడింది. నీ చేతికి తెలిసినట్టు నా చేతికి తెలీదు, ఆర్లిన్. గుండీలు కుట్టడం, చొక్కా మడతపెట్టడం, గిన్నె తోమడం, ఏదీ ఆ చేతికి తెలీదు. ఆ చెయ్యే మర్నాడు పొద్దున్న మూడేళ్ళ పిల్లాడి నోట్లో చివరి పన్నుకి వెంట్రుకవాసి తేడా రాకుండా సిమెంటు పెట్టేది.

సోఫాల ముందుకి వెళ్ళి నిలబడ్డాను. "బాబులూ, నేను పళ్ళ డాక్టరు భార్యని. ఎంత లావు వేళ్ళు ఎంత చిన్న నోట్లో పడతాయో ఇరవై ఆరేళ్ళు చూశాను. లేవండి." లేచారు. ఒకడైతే మా అందరికన్నా వేగంగా దూర్చాడు, వాడికి మా పిల్లలు 'కుట్టుమిషను' అని పేరు పెట్టారు. బహుమతి మాకు రాలేదు. బొమ్మ ముక్కు ఊరేగింపు మధ్యలో ఊడిపోయింది. ఎంత నవ్వామో చెప్పలేను.

క్రిస్మస్‌కి ఇంటికెళ్ళాను. అలంకరణ పెట్టెలు అటక మీంచి దింపి హాల్లో పేర్చి ఉన్నాయి, విప్పలేదు. "నువ్వొస్తావని ముట్టుకోలేదు" అన్నాడు వెర్నన్, నాకోసం ముద్దుగా దాచిపెట్టినట్టు. సింకు నిండా గిన్నెలు. "నానబెట్టాను" అన్నాడు గొప్పగా. చర్చిలో ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని, "నిన్ను పంపించి ఒక్కడూ ఉంటున్నాడు, దేవుడులాంటి మనిషి" అన్నారు. గిన్నెలు నానబెట్టినవాడు దేవుడైతే, తోమిన నేనేమిటో ఎవరూ చెప్పలేదు. అయినా నిజం దాచకూడదు. ఆయన నాకోసం గుడ్డు అట్టు వెయ్యడం నేర్చుకుని మాడ్చి పెట్టాడు. తింటూ ఉంటే ఆయన నా మొహంలోకే చూశాడు. ఆ మనిషంటే నాకు ఇష్టం. చిక్కంతా అక్కడే ఉంది.

ఫిబ్రవరిలో వాంతుల జబ్బు వచ్చి పంతొమ్మిది మంది పడుకున్నారు. బకెట్లు, సూపు, దుప్పట్లు, మూడు రోజులు తల ప్రాణం తోకకొచ్చింది. కోలుకున్నాక సోమవారం సమావేశంలో టెస్సా ఒక తీర్మానం పెట్టింది: మామ్ ఆర్లిన్ హౌస్ మదర్, పనిమనిషి కాదు కాబట్టి ఏ అంతస్తు చెత్త ఆ అంతస్తు వాళ్ళే దించాలి. చేతులెత్తి ఓటేశారు. రెండు వారాలకల్లా అందరూ మర్చిపోయారు, అది వేరే సంగతి. నా పని గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం మాత్రం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. వంటింట్లోకి పోయి గట్టిగా ముక్కు చీదుకున్నాను.

మార్చిలో, నన్ను ఇంటర్వ్యూ చేసిన పెద్దావిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడాది కూడా ఉంటారా, ఏప్రిల్ నెలాఖరులోగా చెప్పండి అని. సొరుగులో పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. ఉండిపోవాలని నాకు ఎంతగా ఉందంటే, ఆ మాట పైకి అనడానికి కూడా భయమేసింది. మాట ఇచ్చి వచ్చినదాన్ని కదా.

ఏప్రిల్లో ఒక సోమవారం మధ్యాహ్నం వీధిలో ఓడ హారన్ లాంటిది మోగింది. బస్సంత పొడుగు క్యాంపర్ బండి మా వాకిలికి అడ్డంగా ఆగింది. పైనుంచి వెర్నన్, కొత్త టోపీ పెట్టుకుని చెయ్యి ఊపుతున్నాడు.

"ఎలా ఉంది? మే నెలలో నిన్నెక్కించుకుని బయల్దేరడమే! ఏడాదంతా తిరుగుదాం. కొండలు, సముద్రం, నీ ఇష్టం."

పిల్లలు ఒక్క ఉదుటున లోపలికెక్కి మంచాలు నొక్కి చూశారు. వెర్నన్ నన్ను చెయ్యి పట్టి వెనక్కి తీసుకెళ్ళాడు. "ఇది చూడు. నీకోసం పట్టుబట్టి పెద్ద వంటగది పెట్టించాను. నాలుగు పొయ్యిలు, ఓవెన్. నేను నడుపుతూ ఉంటే నువ్వు వేడివేడిగా చేసిపెట్టచ్చు." మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. డ్రైవరు సీటుకి తోలు చేతులు, కప్పు పెట్టుకునే గూడు. కొండలూ సముద్రమూ కనపడేది అక్కణ్ణుంచే. పొయ్యి ముందు కిటికీ లేదు.

"బాగుంది, వెర్నన్" అన్నాను. నాలుగు పొయ్యిలూ తుడిచినట్టు మెరుస్తున్నాయి, కొంతసేపు వాటినే చూశాను. "నాకు గదిలో కాస్త పనుంది. రాత్రి మాతో భోంచెయ్యి."

సోమవారం భోజనం మా ఇంట్లో పెద్ద భోజనం, అందరూ మంచి బట్టలు వేసుకుని వస్తారు. ఆ రోజు బల్ల మీద రిబ్బను కట్టిన కొవ్వొత్తి కనపడితే ఎవరో ఒక శుభవార్త దాచుకున్నారని గుర్తు. భోజనం అయ్యాక పరదాలు వేసి, లైటు ఆర్పి, చుట్టూ నిలబడి పాడుతూ కొవ్వొత్తి చేతి నుంచి చేతికి అందిస్తారు. వార్త ఉన్న పిల్ల తన వంతు రాగానే ఊదేస్తుంది. మొదటి చుట్టులో ఊదితే కొత్తగా ఎవరితోనో పరిచయం. రెండో చుట్టయితే ఉద్యోగమో, పైచదువో. మూడో చుట్టు పెళ్ళి నిశ్చయం. ఎవరన్నది హౌస్ మదర్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ చుట్టులో నిలబడదు, స్విచ్చు దగ్గర ఉంటుంది.

ఆ రాత్రి బల్ల మీద కొవ్వొత్తి చూడగానే అందరి కళ్ళూ హోలిస్ మీద పడ్డాయి. మూడేళ్ళుగా ఒకే అబ్బాయితో తిరుగుతోంది.

"ఏయ్, ఉంగరం చూపించవే!"

"నా మీద ఒట్టే, నేను కాదు!" అంది హోలిస్. "అయితే బాగుండును!"

వెర్నన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాను. "ఈ స్విచ్చు దగ్గర నిలబడు. ఇప్పుడు ఆర్పు. నేను చెప్పేదాకా వెయ్యకు."

"ఏమిటీ తతంగం?" అన్నాడు, సరదా పడుతూ. ఆర్పాడు.

జొయెల్లా పక్కన కాస్త ఖాళీ ఉంటే వెళ్ళి నిలబడ్డాను. "మామ్ ఆర్లిన్, మీరిక్కడ..." అంది. ఊరుకోమని చెయ్యి నొక్కాను. పాట మొదలైంది. కొవ్వొత్తి మొదటి చుట్టు తిరిగి వచ్చింది. నా చేతిలోంచి జొయెల్లా చేతిలోకి వెళ్ళింది. ఎవరూ ఊదలేదు. అందరి ధ్యాసా మూడో చుట్టు మీదే, హోలిస్ జుట్టు కూడా సర్దుకుంది. రెండోసారి కొవ్వొత్తి నా దగ్గరికొచ్చేసరికి మైనం కరిగి వేలి మీద పడింది. గుమ్మంలో వెర్నన్ కళ్ళజోడు మెరవడం కనపడింది.

ఊదేశాను.

చీకట్లో పాట సగంలో ఆగింది. "అయ్యో, పొరపాటున ఊదారా, మామ్?" అంది జొయెల్లా.

"పొరపాటు కాదు."

"రెండో చుట్టు" అంది టెస్సా మెల్లగా, లెక్క కట్టుకుంటున్నట్టు. "రెండో చుట్టంటే ఉద్యోగం! మామ్ ఆర్లిన్, ఉంటున్నారా?"

"ఉంటున్నాను. ఇందాకే సంతకం పెట్టాను."

అరవై నాలుగు గొంతులు ఒక్కసారి లేచాయి. నన్ను ఎవరెవరు వాటేసుకున్నారో చీకట్లో తెలియలేదు. అరుపులు సద్దుమణిగాక గుమ్మం వైపు నుంచి వెర్నన్ గొంతు వినపడింది. కోపం లేదు అందులో. దారి తప్పినవాడు అడిగినట్టుంది.

"ఒక్క ఏడాదే అన్నావు కదా, ఆర్లిన్?"

ఆరిన కొవ్వొత్తి చేతిలోనే పెట్టుకుని గుమ్మం వైపు తిరిగాను.

"వేసవి మూడు నెలలూ నీతో వస్తాను. సగం దూరం నేను నడుపుతాను, సగం వంట నువ్వు చేస్తావు. ఈ ఏడాదిని నిన్ను అడిగి తెచ్చుకున్నాను, వెర్నన్. వచ్చే ఏడాదిని అడగడం లేదు, చెబుతున్నాను. ఇంక లైటు వెయ్యి."