శూన్యంలో ఒక ఎడమ మలుపు

నేను ఒక అంతరిక్ష నౌకను. కంగారు పడకండి, మూడడుగుల పొడవే. టేకు చెక్క ఒళ్లు, రేకు తొడుగు, ముక్కు స్థానంలో కిరసనాయిలు పోసే గరాటు. పుట్టింది మద్రాసులో, ఒక స్టూడియో వడ్రంగి షెడ్డులో. గ్రహాల మధ్య తిరగడానికే పుట్టానన్నారు. తీరా తిరిగింది ఒకరి ఆగ్రహానికీ ఇంకొకరి అనుగ్రహానికీ మధ్య.

నన్ను చేసిన నూకరాజుది అనకాపల్లి. ఇరవై ఏళ్లుగా పౌరాణికాల్లో గరుత్మంతుల్నీ దేవతల విమానాల్నీ దారాల మీద ఎగరేసిన చెయ్యి అతనిది. తారల మధ్యకి దారి దారమే అని అతని నమ్మకం. అలవాటు కొద్దీ నాకూ రెండు రెక్కలు తగిలించాడు.

మా దర్శకుడు గోవర్ధనం గారికి టైటిల్స్‌లో ‘శాస్త్ర సలహా’ అని ఒక పేరు పడితే సినిమాకి బరువొస్తుందనిపించింది. బరువే లేని చోట జరిగే కథకి బరువు కావలసి వచ్చిందన్నమాట. బాపట్ల కాలేజీలో ఫిజిక్సు చెప్పే చెన్నకేశవులు గారిని పిలిపించారు. పాపం ఆయన, సలహాదారుడంటే సలహా ఇవ్వాలేమో అని పొరపాటు పడ్డారు. వచ్చీ రాగానే నా రెక్కలు పట్టుకున్నారు.

“ఇవెందుకోయ్? అక్కడ గాలే లేదు కదా.”

“రెక్కల్లేపోతే దారం ఎక్కడ కట్టమంటారు మేస్టారూ?” అన్నాడు నూకరాజు.

ఆయన చదివిన పుస్తకాల్లో ఈ ప్రశ్న లేదు. రెక్కలు మిగిలాయి.

అసలు గొడవ మలుపు దగ్గర మొదలైంది. శత్రునౌక తరుముతుంటే హీరో నన్ను ఎడమకి తిప్పాలి. నూకరాజు ఎడమ దారం వదులు చేసి, గరుత్మంతుడిలా నన్ను ఒక పక్కకి ఒరగనిచ్చి, సొగసుగా తిప్పాడు. మాస్టారు తల పట్టుకున్నారు. విమానం ఒరిగితే రెక్క కింది గాలి దాన్ని పక్కకి నెడుతుందట. గాలి లేని చోట ఎంత ఒరిగినా దండగట. ముక్కు ఎడమకి తిప్పినా ఓడ పాత దారినే పోతుందట. తోకలో మంట వేస్తేనే దారి మెల్లగా వంగుతుందట. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. సెట్టు మీద నిజానికి అంత విలువ ఉండదు, అంతే.

ఆయన పంతానికి కారణముంది. బయల్దేరేముందు బీఎస్సీ ఆఖరి సంవత్సరం పిల్లలకి మాటిచ్చారు, తెలుగు తెర మీద ఒక్క మలుపైనా సరిగ్గా తిప్పించి వస్తానని. అది జరక్కపోతే ఏ మొహం పెట్టుకుని ఆ క్లాసుకి వెళ్లడం? భూమి కక్ష్యలో తిరగాల్సిన నేను అలా ఇద్దరి కక్షలో చిక్కుకున్నాను.

గోవర్ధనం గారు తీర్పు చెప్పారు. “మాస్టారూ, మీదీ తీద్దాం, నూకరాజుదీ తీద్దాం. జనం ఏది ఒప్పుకుంటే అదే పెడదాం.”

ప్రివ్యూ హాల్లో లైట్లవాళ్లు, కాంటీన్ వంటాయన, కార్ల డ్రైవర్లు కూర్చున్నారు. మాస్టారి ఎడమ పక్క సీట్లో నూకరాజు, అతని ఒళ్లో నేను. ముందు మాస్టారి మలుపు. నా ముక్కు ఎడమకి తిరిగింది, నేను మాత్రం నేరుగా పోతూనే ఉన్నాను. తోకలో మంట వచ్చాక ఎప్పటికో దారి వంగింది. హాలంతా నవ్వు. ఒక డ్రైవరు లేచి, “స్టీరింగు అటు, బండి ఇటు. తాగి తోల్తున్నాడు సార్” అన్నాడు.

తర్వాత నూకరాజు మలుపు. నేను ఒరిగాను. నవ్వు ఆగిపోయింది. నాతోపాటు వంటాయన ఒరిగాడు, డ్రైవర్లు ఒరిగారు, వరసలకి వరసలే ఎడమకి ఒరిగాయి.

“మాస్టారూ, మీ భుజం,” అన్నారు గోవర్ధనం గారు మెల్లగా.

మాస్టారి భుజం నూకరాజు భుజానికి ఆనుకుని ఉంది. ఆయన సర్దుకుని కూర్చున్నారు. కళ్లజోడు తుడుచుకున్నారు. “నా పేరు తీసెయ్యండి,” అని, ఆ సాయంత్రమే రైలెక్కేశారు.

సినిమా బాపట్లకి వచ్చినప్పుడు నన్ను ప్రచారానికి తెర పక్కన వేలాడదీశారు. అందుకే అంతా చూశాను. మాస్టారు రానన్నా పిల్లలు వదల్లేదు, లాక్కొచ్చి బెంచీ మీద మధ్యలో కూర్చోబెట్టారు. టైటిల్స్‌లో ఆయన పేరు అలాగే ఉంది. ఆయన మొహం నల్లబడింది. తెర మీద నేను ఒరిగినప్పుడల్లా పిల్లలు ఆయన వంక చూడటం, ఆయన నేల వంక చూడటం. శూన్యంలో ఓడకి లేని గాలి ఆయనకీ పోయింది.

ఇంటర్వెల్ అయ్యాక కమెడియన్ పీకలదాకా తాగి హీరో సీట్లో కూర్చున్నాడు. ముక్కు అటు, ఓడ ఇటు. తోకలో మంట. హాలు విరగబడి నవ్వింది. గోవర్ధనం గారు ఆ డ్రైవరు మాట మరిచిపోలేదన్నమాట.

నవ్వనిది మాస్టారొక్కరే. లేచి నిలబడి తెరకేసి చెయ్యి చాపారు.

“ఒరే, చూశార్రా? ఇదే. సినిమా మొత్తానికి ఇదొక్కటే కరెక్టు.”

వెనకవాళ్లు కూర్చోమని కేకలేశారు. ఆయన మలుపు పూర్తయ్యేదాకా కూర్చోలేదు.

ఒరిగినందుకు నాకు ఒరిగిందేమిటంటే ఈ కాలేజీ లాబొరేటరీ. నూకరాజు లారీలో వేసి పంపించాడు. మాస్టారు ముందు రంపం తెచ్చారు, రెక్కలు కోసేద్దామని. తర్వాత చేతిలో దారం పట్టుకుని నా ఒళ్లంతా వెతికారు. రంపం లోపల పెట్టేసి, రెక్కలకే కట్టారు.

నా కింద ‘ఇది తిరిగే పద్ధతి తప్పు’ అని అట్టముక్క ఉంటుంది. పిల్లలు అది చదివి పైకి చూస్తారు. ఎవరో ఫ్యాన్ వేస్తారు, నేను ఎడమకి ఒరుగుతాను, కింద నలభై తలలూ ఒరుగుతాయి. నిటారుగా ఉండాలని చూసేది మాస్టారొక్కరే. అందుకే ఏడాదిలో సగం రోజులు ఆయనకి మెడ పట్టేసి ఉంటుంది.