పై ట్యాంకు

మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మా నేనూ డాబా మీది ట్యాంకు నింపుతాం. మోటారు కాలిపోయి ఏడాదైంది. కుళాయి వాకిట్లో ఉంది, ట్యాంకు పైన ఉంది. పొద్దున్నుంచీ మిరపకాయల్లో తాలుకాయలు ఏరొచ్చిన అమ్మ, మండే అరచేతుల్ని తడి బిందెకు ఆనించుకుని కాసేపు ఆగుతుంది. ఆమెకు దొరికే విశ్రాంతి అదే.

సాయంత్రం నాన్న షవర్ కింద నిలబడాలి. బకెట్టుతో పోసుకోవడం ఆయనకు నామోషీ. కొండ మీద కడుతున్న పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులో సూపర్‌వైజరు మరి.

పోయిన వారం ఇంజినీరు సాయిరాం గారిని భోజనానికి తీసుకొచ్చాడు. నాకు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటు వచ్చిందని విని ఆయన ఆ ప్రాజెక్టు సంగతి విడమరిచి చెప్పారు.

"పగలు సోలార్ కరెంటు మిగిలిపోతుందమ్మా, చవక. దాంతో కింది నీళ్లు పైకి తోడతాం. సాయంత్రం అందరికీ కరెంటు కావాలి. అప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతాం. వంద యూనిట్లు పెడితే డెబ్బై ఎనిమిదే తిరిగొస్తాయి. అయినా లాభమే."

"తక్కువొస్తే లాభం ఎట్లాగండీ?" అడిగాను.

"ఎక్కించే కరెంటు చవక కాబట్టి. అది ఖరీదైతే ప్రాజెక్టే ఎవరూ కట్టరు."

నాన్న అందుకున్నాడు. "మా ఇంట్లో ఇంకా చవకండి. మా ఆవిడుందిగా, కరీమున్ పంపు. బిల్లు రాదు. రెండు ముద్దలు పడేస్తే చాలు."

సాయిరాం గారు పొలమారేదాకా నవ్వారు. పెరుగు వడ్డిస్తూ అమ్మ కూడా నవ్వింది.

నిన్న డాక్టరమ్మ అమ్మకు గర్భసంచి కిందికి జారిందని చెప్పింది. బరువులెత్తితే ఇంకా దిగుతుందట. నాన్న సెల్‌లోంచి తలెత్తలేదు.

"అయితే నజ్మీన్ మోస్తుంది."

"దానికి ఒంగోల్లో సీటొచ్చింది కదండీ. మోటారు బాగుచేయిస్తే..."

"ఇద్దరాడాళ్లుండగా మోటారెందుకే? అది ఒంగోలు పోతే పోనీ, నువ్వే ఎత్తుకో. అదే తేల్చుకుంటుందిలే."

నేను వెళితే అమ్మ ఒళ్లు పోతుంది, ఉంటే నా చదువు పోతుంది. ఎటు తేల్చినా ఆయన షవర్ ఆగదు. ఆయన లెక్కలో అమ్మ మధ్యాహ్నాలు మిగిలిపోయిన కరెంటు. కానీ అవి మిగిలినవి కావు. అమ్మను ఏనాడూ వాడుకోనివ్వలేదు కాబట్టి మిగిలినట్టు కనిపిస్తున్నాయి. ఇప్పుడు నా మధ్యాహ్నాల వంతు.

ఇవాళ అన్నం తినగానే అమ్మ అలవాటుగా బిందె అందుకుంది. దాన్ని తీసి పక్కన పెట్టాను. ఇనపచువ్వ పొయ్యి మీద ఎర్రగా కాల్చి, మసిగుడ్డతో పట్టుకుని డాబా ఎక్కి, ట్యాంకు అడుగున గుచ్చాను. ప్లాస్టిక్ కమురు కంపు కొట్టింది. మిగిలిన నీళ్లు మెట్ల మీంచి వాకిట్లోకి దిగాయి.

అమ్మ ఆ నీళ్లలోనే నిలబడి ఉంది. సాయంత్రం నాన్న నన్నేం చేస్తాడో ఆమెకూ తెలుసు. నేను దిగొచ్చాక తలెత్తి ట్యాంకు వైపు చూసింది.

"ఒక్క బొక్కైతే అతుకేస్తాడే," అంది.

చువ్వను మళ్లీ పొయ్యి మీద పెట్టాను.